సరిహద్దు దాటిన మాట : జర్మన్ రచయితల ప్రవాసం (1933–45)

1933 ఫిబ్రవరి 27 రాత్రి బెర్లిన్‌లో పార్లమెంటు భవనం తగలబడింది. తెల్లవారకముందే పోలీసులు జాబితాలు చేతబట్టుకొని ఇళ్ళ తలుపులు తట్టారు. 'వెల్ట్‌బ్యూనె' వారపత్రిక సంపాదకుడు కార్ల్ ఫన్ ఒసియెట్‌స్కీని ఆ తెల్లవారుజామునే పట్టుకుపోయారు. కవి ఎరిక్ మ్యూజామ్‌ను, విలేఖరి ఎగాన్ ఎర్విన్ కిష్‌ను కూడా పట్టుకుపోయారు. అదే రోజున నాటకకర్త బెర్టోల్ట్ బ్రెక్ట్ రైలెక్కి ప్రాగ్ దారి పట్టాడు. ఒకరు ఉండిపోయి జైలుకు వెళ్ళారు. ఒకరు దేశం విడిచిపోయి 15 ఏళ్ళు పరాయిదేశాలలో తిరిగారు. ఈ ఇద్దరిలో ఎవరు చేసింది సరైన పని అనే ప్రశ్న ఆనాటినుంచీ ఉంది. నిరంకుశ ప్రభుత్వం ఎక్కడ నెలకొన్నా అక్కడి రచయితల ముందు ఆ ప్రశ్న మళ్ళీ లేస్తూనే ఉంది.

ఒసియెట్‌స్కీ ఉండిపోవడం ఏమరుపాటు కాదు. జర్మనీ రహస్యంగా సైనిక విమానదళాన్ని నిర్మించుకుంటున్నదని 1929లో ఆయన పత్రిక బయటపెట్టింది. దానికి 1931లో దేశద్రోహ నేరం మోపి 18 నెలల శిక్ష వేశారు. సరిహద్దు దాటిపొమ్మని మిత్రులు బతిమాలారు. ఆయన పోలేదు. 1932 మే నెలలో తనంత తానుగా జైలుకు నడిచి వెళ్ళాడు. అప్పుడు తన పత్రికలో కారణం కూడా రాశాడు: సరిహద్దు దాటిపోయిన ప్రతిపక్షవాది మాట కొద్దికాలానికే స్వదేశంలో డొల్లగా మోగుతుందని ఆయన అభిప్రాయం. ఆ ఏడాది చివర క్షమాభిక్షలో విడుదలయ్యాడు. రెండు నెలలు దాటాయో లేదో మళ్ళీ పట్టుబడ్డాడు. ఈసారి కోర్టూ లేదు, శిక్షాకాలమూ లేదు.

సరిహద్దు దాటిన మాట నిజంగా డొల్లపోతుందా? 1933 నుంచి 1945 వరకు దేశం వదలిన జర్మన్ రచయితల, పత్రికారచయితల చరిత్రను ఈ ప్రశ్న దృష్టితో పరిశీలించవలసి ఉంది.

ముందుగా అణచివేత ఏ పద్ధతిలో సాగిందో చూద్దాం. నాజీలు పుస్తకాలు తగలబెట్టారన్న సంగతి అందరికీ తెలుసు. 1933 మే 10న బెర్లిన్‌లోనూ, మరి 20కి పైగా విశ్వవిద్యాలయ పట్టణాలలోనూ విద్యార్థులే మంటలు వేశారు. బెర్లిన్ మంటల దగ్గర గోబెల్స్ ప్రసంగించాడు. అయితే మంటకంటే కాగితం ఎక్కువ పనిచేసింది. పార్లమెంటు తగలబడిన మర్నాడే వెలువడిన అత్యవసర ఉత్తర్వు పత్రికా స్వాతంత్ర్యాన్ని రద్దుచేసింది. జూలై 14న వచ్చిన చట్టం, విదేశాల్లో ఉండి ప్రభుత్వాన్ని విమర్శించేవారి పౌరసత్వాన్ని ఊడబెరికి ఆస్తులు స్వాధీనం చేసుకునే అధికారాన్నిచ్చింది. ఆగస్టులో ప్రకటించిన తొలి జాబితాలో 33 పేర్లున్నాయి. నవలాకారులు హైన్రిక్ మాన్, లియోన్ ఫాయిష్ట్‌వాంగర్, నాటకకర్త ఎర్న్‌స్ట్ టోలర్, వ్యంగ్య రచయిత కుర్ట్ టుకోల్‌స్కీ, విమర్శకుడు ఆల్‌ఫ్రెడ్ కెర్, 'ఫోసిష్' పత్రిక మాజీ సంపాదకుడు గియోర్గ్ బెర్న్‌హార్డ్ అందులో ఉన్నారు. సెప్టెంబరులో 'రైష్ సాంస్కృతిక మండలి' ఏర్పడింది. అందులో సభ్యత్వం లేనివాడు అచ్చులోకి రావడానికి వీల్లేదు. అక్టోబరు 4న వచ్చిన సంపాదకుల చట్టం పత్రికారచయితను రాజ్యానికి జవాబుదారీగా ఉండే ఉద్యోగిలాగా మార్చివేసింది. ఏ వ్యాసాన్ని నిషేధించాలా అని వెతుక్కునే శ్రమ ప్రభుత్వానికి తప్పింది. రాయడానికి ఎవరికి అనుమతి ఉందో చెబితే చాలు.

అంటే ప్రభుత్వం రచయిత దగ్గర నుంచి ఒక్కొక్కటే లాక్కుంది: ముందు పత్రిక, తర్వాత ప్రచురణకర్త, తర్వాత పౌరసత్వం, చివరకు పాఠకుడు. ప్రాణం తీయకుండా కలం చంపే విధానమిది.

ఈ సందర్భంలో ఆస్కార్ మరియా గ్రాఫ్ అనే బవేరియా రచయిత ఉదంతం చెప్పుకోదగ్గది. రొట్టెలు కాల్చే ఇంట్లో పుట్టి, పల్లె జనం గురించి రాసినవాడు. నాజీలు ఆయన పుస్తకాలను చాలావరకు తగలబెట్టకుండా, చదవదగ్గ పుస్తకాల జాబితాలో చేర్చారు. అప్పటికి వియన్నాలో ఉన్న గ్రాఫ్ అక్కడి కార్మిక పత్రికలో నిరసన ప్రకటన చేశాడు. నన్నూ తగలబెట్టండని కోరాడు. ఈ మెప్పుకు నేనేం పాపం చేశానని నిలదీశాడు. దుర్మార్గుడి చేతి దండన కంటే వాడి చేతి సన్మానం రచయితకు ఎక్కువ ప్రమాదమని గ్రాఫ్‌కు అర్థమైంది.

ఈ సంగతి అందరికీ అంత త్వరగా అర్థం కాలేదు. థామస్ మాన్ 1933 ఫిబ్రవరిలో ఉపన్యాసాలకోసం విదేశానికి వెళ్ళి తిరిగి రాలేదు. నోబెల్ బహుమతి పొందిన మహారచయిత. కాని మూడేళ్ళపాటు ఆయన నోరు విప్పి నాజీలను ఖండించలేదు. కొడుకు క్లౌస్ మాన్ ఆమ్‌స్టర్‌డామ్ నుంచి 'సమ్లుంగ్' అనే ప్రవాస పత్రిక మొదలుపెడితే, మొదట సహకరిస్తానన్న తండ్రి తర్వాత బహిరంగంగా తప్పుకున్నాడు. కారణం సులభంగానే తెలుస్తుంది. జోసెఫ్ కథా పరంపరలోని తొలి సంపుటం ఆ శరత్కాలంలోనే బెర్లిన్‌లో అచ్చవుతున్నది. తన పుస్తకం తన పాఠకులకు చేరాలన్న కోరికను ఏ రచయితలో తప్పుపట్టగలం? కాని ఆ కోరికనే తాడుగా చేసి ప్రభుత్వం ఆయనను మూడేళ్ళు కట్టి ఉంచింది. చివరికి 1936 ఫిబ్రవరిలో స్విస్ పత్రికలో బహిరంగ లేఖ రాసి తాను ప్రవాసుల పక్షమేనని ప్రకటించాడు. ఆ డిసెంబరులో పౌరసత్వం పోయింది. బాన్ విశ్వవిద్యాలయం తానిచ్చిన గౌరవ డాక్టరేటును వెనక్కు తీసుకుంది. దానికి ఆయన రాసిన జవాబు ప్రవాస సాహిత్యంలో ప్రసిద్ధమైన పత్రాలలో ఒకటయింది. మహారచయితకే మూడేళ్ళు పట్టిందంటే, చిన్న రచయితలను తొందరపడి నిందించడం మనకు తగదు.

ఇక ప్రవాసులు ఏం చేశారు? ఊరికే కన్నీరు కార్చలేదు. పోగొట్టుకున్నవాటిని ఒక్కొక్కటే మళ్ళీ కట్టుకోవడానికి పూనుకున్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎమాన్యుయెల్ క్వెరీడో అనే డచ్చి ప్రచురణకర్త 1933లోనే తన సంస్థలో జర్మన్ శాఖ తెరిచాడు. హైన్రిక్ మాన్, ఫాయిష్ట్‌వాంగర్, సేగర్స్, డ్యోబ్లిన్ పుస్తకాలు అక్కడ వెలువడ్డాయి. పారిస్‌లో గియోర్గ్ బెర్న్‌హార్డ్ సంపాదకత్వంలో 1933 డిసెంబరు నుంచి జర్మన్ దినపత్రిక నడిచింది. పుస్తకదహనం జరిగి సరిగ్గా ఏడాది తిరిగిన రోజున, 1934 మే 10న, తగలబెట్టిన పుస్తకాలతో అదే నగరంలో ఒక గ్రంథాలయం తెరిచారు. జర్మనీలో రద్దయిన రచయితల రక్షణ సంఘాన్ని అక్కడే పునరుద్ధరించారు. క్వెరీడో యూదుడు. 1943లో నాజీలు ఆయనను సోబిబోర్ మరణశిబిరంలో చంపారు. ఒక భాషా సాహిత్యాన్ని బతికించినందుకు ఆ భాషా ప్రభుత్వం ఆయనకిచ్చిన ప్రతిఫలమది.

ఒసియెట్‌స్కీ హెచ్చరికను ప్రవాసులు మరచిపోలేదు. మాట లోపలికి చేరకపోతే డొల్లపోతుందని వారికీ తెలుసు. అందుకే మారువేషపు పుస్తకాలు పుట్టాయి. పార్లమెంటు దహనం కుట్రను విప్పిచెప్పడానికి విల్లీ మ్యూంజెన్‌బర్గ్ బృందం 1933లో పారిస్‌లో తెచ్చిన 'గోధుమరంగు గ్రంథం' గెటే కావ్యం అట్టతో జర్మనీలోకి దొంగచాటుగా వెళ్ళింది. సత్యం రాయడంలో ఎదురయ్యే అయిదు కష్టాలను గురించి బ్రెక్ట్ 1935లో రాసిన వ్యాసం ప్రథమ చికిత్స పుస్తకం వేషంలో వెళ్ళింది. ఈ వ్యాసాన్ని మన విద్యార్థులు తప్పక చదవాలి. సత్యం రాసే ధైర్యం ఒక్కటే చాలదనీ, దానిని గుర్తించే తెలివి, ఆయుధంగా మలిచే నేర్పు, ఎవరి చేతికివ్వాలో తెలిసిన వివేచన, వారికి చేరవేసే ఉపాయం కూడా కావాలనీ ఆయన వాదన. అందులో చివరి రెండూ పాఠకుడికి సంబంధించినవే. పాఠకుణ్ణి పోగొట్టుకున్నవాడు రాసిన వ్యాసం కనుకనే పాఠకుడికి అందులో అంత స్థానం దక్కింది.

ప్రభుత్వం మాత్రం సరిహద్దు దగ్గర ఆగలేదు. తత్త్వవేత్త, పత్రికారచయిత తెయొడోర్ లెసింగ్‌ను 1933 ఆగస్టులో చెకొస్లొవాకియాలోని మరియెన్‌బాద్‌లో కాల్చి చంపించింది. జర్మన్ సైనిక రహస్యాలను బయటపెట్టే విలేఖరి బెర్టోల్ట్ యాకబ్‌ను 1935 మార్చిలో స్విట్జర్లండులోని బాజెల్ నుంచి అపహరించింది. స్విస్ ప్రభుత్వం గట్టిగా పట్టుపట్టడంతో ఆరు నెలలకు తిరిగి అప్పగించింది. 1941లో లిస్బన్‌లో ఆయనను మళ్ళీ అపహరించారు. ఈసారి పట్టుపట్టే ప్రభుత్వం లేదు. 1944లో బెర్లిన్‌లో చనిపోయాడు.

ప్రజాస్వామ్య దేశాలన్నీ ప్రవాసులను ఆదరించాయనుకుంటే పొరపాటు. చెకొస్లొవాకియా పౌరుడు కావడంవల్ల జర్మన్ జైలు నుంచి బయటపడ్డ కిష్, 1934 చివర ఫాసిస్టు వ్యతిరేక సభకోసం ఆస్ట్రేలియా వెళ్ళాడు. అక్కడి ప్రభుత్వం ఓడ దిగనివ్వలేదు. మెల్బోర్న్‌లో ఓడ పైనుంచి రేవు గట్టుమీదికి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. వలసవచ్చేవారిని వడపోయడానికి అప్పట్లో అక్కడ ఒక చట్టముండేది. అధికారి ఏదైనా ఐరోపా భాషలో చెప్పింది వారు తప్పుల్లేకుండా రాయవలసి ఉండేది. ఎన్నో భాషలు వచ్చిన కిష్‌కు స్కాట్లండులోని గేలిక్ భాషలో పరీక్ష పెట్టారు! గేలిక్ ఆ చట్టం చెప్పే ఐరోపా భాష కిందికి రాదని హైకోర్టు తీర్పిచ్చి ప్రభుత్వాన్ని నవ్వులపాలు చేసింది.

ఈ చరిత్రకు మనతో ఉన్న సంబంధం 1935 దగ్గర కనిపిస్తుంది. ఆ ఏడాది జూన్ 21 నుంచి 25 వరకు పారిస్‌లో సంస్కృతి పరిరక్షణకోసం ప్రపంచ రచయితల మహాసభ జరిగింది. ఆంద్రె జీడ్, మాల్రో, ఫార్‌స్టర్‌లతో పాటు జర్మన్ ప్రవాసులు హైన్రిక్ మాన్, బ్రెక్ట్, సేగర్స్ పాల్గొన్నారు. జర్మనీలో రహస్యంగా పనిచేస్తున్న యాన్ పీటర్సన్ నల్లముసుగు వేసుకొని వేదికెక్కాడు. అప్పటికే లండన్‌లో భారతీయ విద్యార్థులను, రచయితలను కూడగడుతున్న సజ్జాద్ జహీర్ ఈ సభను కళ్ళారా చూశారు. 1936 ఏప్రిల్‌లో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన లక్నోలో అఖిల భారత అభ్యుదయ రచయితల సంఘం అవతరించింది. 1943లో తెనాలిలో తాపీ ధర్మారావుగారి అధ్యక్షతన మన తెలుగు సంఘం తొలి మహాసభ జరుపుకుంది. ఫాసిజాన్ని ఎదిరించడం రచయిత బాధ్యత అని మన తొలి తరం అనడంలో జర్మన్ కాందిశీకుల అనుభవం పాలు కూడా ఉంది.

కనుకనే ఆ సభలో జరిగిన మరొక సంగతినీ మనం దాచకూడదు. సోవియట్ దేశంలో ఓరెన్‌బర్గ్‌కు ప్రవాసం పంపబడిన రచయిత విక్టర్ సెర్జ్ సంగతి ఏమిటని కొందరు ప్రతినిధులు అక్కడే అడిగారు. సభ నిర్వాహకులకు ఆ ప్రశ్న నచ్చలేదు. కాని ప్రశ్న వేసినందువల్ల మేలే జరిగింది. మరుసటి ఏడాది సెర్జ్ విడుదలై దేశం దాటగలిగాడు. ప్రశ్న వేసేవారు లేనిచోట ఏం జరిగింది? 1936 నుంచి 1939 వరకు మాస్కోలో 'దస్ వోర్ట్' అనే జర్మన్ ప్రవాస పత్రిక వెలువడింది. సంపాదకులు బ్రెక్ట్, ఫాయిష్ట్‌వాంగర్, బ్రేడెల్. వాస్తవికతావాదం, ఎక్స్‌ప్రెషనిజం గురించి జరిగిన ప్రఖ్యాత చర్చకు వేదిక అదే. ఇప్పటికీ మన విశ్వవిద్యాలయాల్లో లూకాచ్ వాదనలను పాఠంగా చెప్పుకుంటున్నాం. ఆ చర్చ సాగుతున్న రోజుల్లోనే, బ్రెక్ట్‌తో కలిసి 'కూలె వాంపె' సినిమా రాసిన ఎర్న్‌స్ట్ ఓట్‌వాల్ట్ సోవియట్ నిర్బంధంలో ఉన్నాడు. 1943లో శిబిరంలో మరణించాడు. బ్రెక్ట్ నాటకాల్లో నటించిన కరోలా నేహర్ 1942లో సోవియట్ జైల్లో చనిపోయింది. ఆ చర్చలో పాల్గొన్న హెర్వార్ట్ వాల్డెన్ 1941లో సరాటోవ్ జైల్లో చనిపోయాడు. వీరంతా ఆశతో వచ్చినవారే.

ఆ మృతుల్లో మన హైదరాబాదువాడు కూడా ఒకరున్నారు. సరోజినీ నాయుడు తమ్ముడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ 1880లో హైదరాబాదులో పుట్టారు. బ్రిటిషు ప్రభుత్వం వెంటాడగా యౌవనం నుంచీ ఐరోపాలోనే బతికారు. విప్లవ పత్రికలు నడిపారు. బెర్లిన్‌లో మ్యూంజెన్‌బర్గ్‌తో కలిసి సామ్రాజ్యవాద వ్యతిరేక సమితికి పనిచేశారు. తర్వాత సోవియట్ దేశం చేరారు. 1937లో అరెస్టు చేసి, సెప్టెంబరు 2న కాల్చి చంపారు. ఆయన మరణం గురించిన నిజం దశాబ్దాలపాటు ఆయన కుటుంబానికి కూడా చేరలేదు. వీటిని శత్రువు చెప్పే మాటలుగా తోసిపుచ్చిన కాలం ఒకటుండేది. దానివల్ల నష్టపోయింది శత్రువు కాదు, మనమే.

1939లో యుద్ధం రాగానే ఫ్రాన్సు తన గడ్డమీది జర్మన్ ప్రవాసులను శత్రుదేశస్థుల కింద జమకట్టి నిర్బంధించింది. నాజీలు దేశద్రోహులన్నవారిని ఫ్రెంచివారు నాజీదేశస్థులన్నారు! లె మీల్ అనే ఊళ్ళో పెంకుల ఫ్యాక్టరీలో ఫాయిష్ట్‌వాంగర్ వంటివారు ఇటుకదుమ్ములో పడుకున్నారు. 1940 జూన్ 22 నాటి యుద్ధవిరామ ఒప్పందం 19వ అధికరణం, అడిగిన జర్మన్లను అప్పగించడానికి ఫ్రాన్సును ఒప్పించింది. ఆ రోజుల్లోనే నాటకకర్త వాల్టర్ హాజెన్‌క్లెవర్ ఆ శిబిరంలో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆగస్టులో మార్సెయ్ చేరిన అమెరికన్ పత్రికారచయిత వేరియన్ ఫ్రై దొంగ పత్రాలతో, దొంగదారులతో వందలమందిని దాటించాడు. 69 ఏళ్ళ హైన్రిక్ మాన్ పిరెనీస్ కొండలను కాలినడకన దాటాడు. కొద్దిరోజుల తర్వాత అదే కొండలు దాటిన విమర్శకుడు వాల్టర్ బెంజమిన్‌ను స్పెయిన్ అధికారులు వెనక్కు పంపుతామన్నారు. సెప్టెంబరు 26 రాత్రి పోర్ట్‌బూలో ప్రాణం తీసుకున్నాడు.

టుకోల్‌స్కీ 1935లో స్వీడన్‌లో, టోలర్ 1939లో న్యూయార్కులో, స్టెఫాన్ జ్వైగ్ 1942లో బ్రెజిల్‌లో ముగిసిపోయారు. వీరి మరణాలను వ్యక్తిగత బలహీనతగా చూడడం అన్యాయం. జ్వైగ్‌కు డబ్బు కొరత లేదు. పేరు ప్రపంచమంతటా ఉంది. తన భాషా ప్రపంచం, తాను ఇల్లనుకున్న ఐరోపా కూలిపోయిన తర్వాత అరవయ్యేళ్ళ వయస్సులో మళ్ళీ మొదలుపెట్టే శక్తి లేకపోయింది. చిత్రకారుడి రంగులను, సంగీతకారుడి స్వరాలను ఏ దేశమైనా గుర్తుపడుతుంది. రచయితకు భాషే ఇల్లు. ఆ ఇంటి తాళంచెవి శత్రువు చేతిలో ఉంది.

అయినా ఆ భాషలోనే పట్టుదలగా రాసినవారున్నారు. అన్నా సేగర్స్ ఇద్దరు పిల్లలతో, భర్తతో 1941 మార్చిలో మార్సెయ్‌లో ఓడెక్కి మెక్సికో చేరింది. ఆమె నవల 'ఏడవ శిలువ' 1942లో ఇంగ్లీషులో అమెరికాలోనూ, జర్మన్‌లో మెక్సికోలోనూ అచ్చయింది. స్పానిష్ మాట్లాడే ఊళ్ళో కాందిశీకులు నడిపిన చిన్న సంస్థ దానిని జర్మన్‌లో అచ్చువేసింది. శిబిరం నుంచి ఏడుగురు తప్పించుకుంటారు. వారిని పట్టి కట్టడానికి ఏడు శిలువలు సిద్ధమవుతాయి. ఒకటి ఖాళీగా మిగులుతుంది. ఆ ఒక్కడికి ఆసరా ఇచ్చినవారు మహావీరులేం కాదు, భయపడుతూనే తలుపు తీసిన మామూలు మనుషులు. జర్మనీ వదలి ఏళ్ళు గడిచిన రచయిత్రి, జర్మన్ సామాన్యుణ్ణి అంత దగ్గరగా చూడగలిగిందంటే, దూరం ప్రతి మాటనూ డొల్ల చేయదని తేలుతుంది.

యుద్ధం ముగిశాక వాదం మళ్ళీ లేచింది. 1945లో ఫ్రాంక్ టీస్ అనే రచయిత, దేశంలో ఉండిపోయినవారే అసలు బాధ అనుభవించారనీ, వెళ్ళిపోయినవారు ప్రేక్షకుల గదుల్లో కూర్చుని చూశారనీ రాశాడు. ఉండి మౌనం వహించడాన్ని 'అంతరంగ ప్రవాసం' అన్నాడు. హిట్లర్ ఏలుబడిలో జర్మనీలో అచ్చయిన పుస్తకాలకు రక్తపు వాసన అంటుకుందని థామస్ మాన్ జవాబిచ్చాడు. ఇద్దరూ అతిగానే మాట్లాడారు. తన పుస్తకాలు తగలబడుతుంటే గుంపులో నిలబడి చూసిన ఎరిక్ కేస్ట్‌నర్ కూడా ఉండిపోయినవాడే. నాజీలు 1934లో శిబిరంలో చంపిన మ్యూజామ్ కూడా వెళ్ళనివాడే. ఉండడం, వెళ్ళడం అనే రెంటిలో ఏదీ దానంతటదే యోగ్యతాపత్రం కాదు. ప్రవాసుల కష్టాలు 1945తో ముగియలేదు కూడా. బ్రెక్ట్‌ను 1947 అక్టోబరు 30న అమెరికన్ పార్లమెంటరీ కమిటీ బోనెక్కించింది. మర్నాడే ఆయన ఆ దేశం వదిలాడు. థామస్ మాన్ 1952లో అమెరికా వదలి స్విట్జర్లండు చేరాడుగాని జర్మనీలో స్థిరపడలేదు.

ఇప్పుడు ఒసియెట్‌స్కీ మాట దగ్గరికి తిరిగి వద్దాం. శిబిరాల్లో చిత్రహింసలకు ఆయన ఆరోగ్యం పూర్తిగా పాడైంది. జర్మన్ పత్రికల్లో ఆయన గురించి సానుభూతిగా ఒక్క అక్షరం రాసే వీలు లేదు. అప్పుడు మాట్లాడింది సరిహద్దు దాటినవారే. పారిస్‌లోని ఆయన మిత్రులు, ఓస్లోలో తలదాచుకున్న యువ పత్రికారచయిత విల్లీ బ్రాంట్ ఊరూరికీ ఉత్తరాలు రాసి, ఆయనకు నోబెల్ శాంతి బహుమతి ఇవ్వాలని ఉద్యమం నడిపారు. 1936 నవంబరులో, 1935 సంవత్సరపు బహుమతి ఆయనకు ప్రకటించారు. మండిపడ్డ హిట్లర్, ఇకమీదట ఏ జర్మనూ నోబెల్ పుచ్చుకోరాదని ఆజ్ఞ జారీచేశాడు. ఒసియెట్‌స్కీని ఓస్లోకు వెళ్ళనివ్వలేదు. కావలి మధ్య ఆస్పత్రిలోనే 1938 మే 4న మరణించాడు.

డొల్లగా మోగుతుందని ఆయన భయపడిన మాటే ఆయన పేరును ప్రపంచానికి వినిపించింది. ఆ మాటకు అంత బరువు రావడానికి కారణం, లోపల ఆయన లొంగకుండా ఉండడమే. లోపలివాడు లేకుంటే బయటివాడి మాటకు సాక్ష్యం లేదు. బయటివాడు లేకుంటే లోపలివాడి మౌనానికి గొంతు లేదు. కనుక ఎవరిది సరైన పని అనే ప్రశ్నకంటే, ఆ ఇద్దరి మధ్య దారి తెగిపోకుండా చూసేవారెవరు అనే ప్రశ్న ముఖ్యమైనది. ఆనాడు ఆ పని చేసింది చిన్న పత్రికలు, చిన్న ప్రచురణ సంస్థలు, రచయితల సంఘాలు. ఈనాడు ఏ దేశం నుంచి రచయిత తరిమివేయబడినా, వెలివేసిన ప్రభుత్వం ఏ రంగు జెండా పట్టుకున్నదని చూడకుండా, ఆ దారిని తెరిచి ఉంచడం రచయితల సంఘాల పని. 1935లో పారిస్ సభలో సెర్జ్ గురించి అడిగిన ప్రశ్న మనకు ఇబ్బందిగా తోచిన ప్రతిసారీ, ఆ ప్రశ్న అడగకపోవడంవల్ల పోయినవారి పేర్లు ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి.